సర్పి తలా తోకా

బందరు
2003 ఆగస్టు, మంగళవారం

ఆయన నడుముకి సర్పి వచ్చి ఇవాళ్టికి తొమ్మిదో రోజు. పొక్కులు మానాక కూడా నొప్పి ఉండిపోకుండా, నరానికి సన్నగా కరెంటిచ్చే మిషను ఇప్పుడే పెట్టి చూద్దామన్నారు డాక్టరుగారు. గ్యారంటీ అనలేదు. నాన్న సర్పి మానిన నాలుగేళ్లకి కూడా చొక్కా తగిలితే విలవిల్లాడేవారు. అందుకే గుడివాడ వెళ్లి మిషను తెచ్చాను.

చెప్పినట్టే పొక్కులకి ఆ చివర వెన్ను దగ్గర ఒక వైరు బిళ్ళ, ఈ చివర పొట్ట మీద ఒకటి అంటించాను. వైర్లు చూసి అత్తయ్యగారు కేకేశారు.

"సర్పి పాములా నడుం చుట్టి తలా తోకా కలిస్తే మనిషి దక్కడంటారే! నువ్వే వైరేసి కలుపుతున్నావా?"

ఆయన గబుక్కున రెండూ పీకేశారు.

"మీ ఎర్రమన్ను పూతలతోనే కదండీ ఐదు రోజులు పోయాయి!" అనేశాను. అనకుండా ఉండాల్సింది.

చివరికి రెండు బిళ్ళలూ వెన్ను పక్కనే పెడతానంటే అత్తయ్యగారు ఒప్పుకున్నారు. "రెండూ తలవైపేగా" అంటూ ఆవిడ తడిమి మరీ చూసుకున్నారు. ఇలా పెడితే పనిచేస్తుందో లేదో రేపు డాక్టరుగారిని అడగాలి.

జరిగిందంతా చెబుతాను. సాయంత్రం ఆయన కునుకు తీస్తున్నప్పుడు, తలకీ తోకకీ మధ్య ఇంకా ఎంత ఖాళీ ఉందో నేనూ జాన పెట్టి కొలిచానని మాత్రం చెప్పను.