సమానమైన ఇద్దరు

నాన్నకు నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నామని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నేను మాత్రం అంత బాగా లేను. ఫోన్లో చెబుదామంటే, నీ చెవికి వినపడేలా అరిస్తే డయాలిసిస్ గదంతా వింటుంది.

అక్క కళ్లుగప్పి ఉప్పు తింటున్నావట. కత్తెర పట్టుకుంటే చెయ్యి వణుకుతోందని రాశావు. ఇక కుట్టుపని మానెయ్, నా మాట విను.

"కిడ్నీ కోసం చూసేవాళ్లని వరసలో పెట్టడానికి నువ్వెందుకే, ఆ కంప్యూటర్‌కి లెక్కలు రావా?" అని అడిగావు. ఇద్దర్ని పోల్చమంటే అది మూడు మాటల్లో ఒకటే చెబుతుంది నాన్నా: తక్కువ, ఎక్కువ, సమానం. దేన్నిబట్టి పోల్చాలో మేం రాసివ్వాలి. రాయకపోతే కంపైలర్, అంటే మా రాతని తనిఖీ చేసి యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది, గడప దాటనివ్వదు. రాసింది న్యాయమా కాదా అన్నది మాత్రం దానికి పట్టదు.

నాకంటే ముందు ఇక్కడ పనిచేసినాయన, జబ్బు తీవ్రతని బట్టి డాక్టర్లు వేసిన మార్కులొక్కటే చూసి పోల్చమని రాశాడు. మార్కులు కలిస్తే సమానం. సమానమని తేలితే ఆ జాబితా ఇద్దరూ ఒక్కరే అనుకుంటుంది. ఎవరెప్పుడు నమోదయ్యారో చూడకుండా, తన చేతికి ముందు అందిన పేరుని ఉంచి, రెండోదాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. నిన్న మధ్యాహ్నం అది నా కంటపడింది. నీ రక్తం గ్రూపు వరసలో ఉండాల్సిన ఒకావిడ లేదు. ఆవిడ మార్కులూ నీ మార్కులూ ఒకటే. నువ్వున్నావు కాబట్టి ఆవిడ లేదు. పాపం, ఆవిడ ఫోన్ ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తూనే ఉంటుంది.

దిద్దడం ఒక్క వాక్యం పని. మార్కులు సమానమైతే ముందు నమోదైనవాళ్లు ముందు, అది డాక్టర్ల నియమం. నువ్వేమో "పెళ్లిళ్ల బట్టలు కుట్టిచ్చాక చూద్దాంలే" అని నమోదు వాయిదా వేశావు, ఈలోగా ఆవిడ నమోదైపోయింది. దిద్దితే నువ్వు ఆవిడ వెనక. దిద్దకపోతే అడిగే నాథుడు లేడు. చాలాసేపు చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఎంత పాపిష్టి ఆలోచనలొచ్చాయో రాయలేను. సాయంత్రానికి దిద్దేశాను.

ఇక దాచలేను. ఈ ఉదయం నీ గ్రూపు కిడ్నీ వచ్చింది. ఒక్కటే. ఫోన్ ఆవిడకి వెళ్లింది. ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. నేను బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను.

భయంగా ఉంది నాన్నా, చాలా భయంగా ఉంది. మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. తిట్టాలనిపిస్తే ఇక్కడికొచ్చి ఎదురుగా నిలబడి తిట్టు. అందుకోసమైనా బతికుండు.

ఇట్లు,
నిన్ను వెనక్కి నెట్టిన
నీ చిన్నకూతురు