అత్తయ్య దిద్దిన కొలతలు

ప్రియమైన అత్తయ్యకు,
నమస్కారాలు. ఒక సాయం కావాలి. మేం క్వియర్ కళాకారులం, అంటే ప్రేమలోనో ఆడామగా లెక్కల్లోనో లోకం గీసిన గీతలో ఇమడనివాళ్ళం, కలిసి ఒక నిధి నడుపుతున్నాం. తలా కొంత వేసుకుని, మాలో ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళకి ఇస్తాం. ఒక గాయని గదిలో పైపు పగిలి, కచేరీ గౌన్లన్నీ పాడయ్యాయి. నెలాఖరున పాడకపోతే ఆ హాలువాళ్ళు మళ్ళీ పిలవరు. కొలతలు, ఆమె చిరునామా ఈ ఉత్తరం వెనక రాశాను. కుట్టుకూలి నిధి ఇస్తుంది.
నీ మేనకోడలు
తా.క.: నీలం వెల్వెట్. నడుస్తుంటే వెనక నేల ఊడవాలట.

చి. మేనకోడలికి,
ఆశీస్సులు. ఇంత చదివావు, టేపు పట్టడం రాలేదు. ఆడపిల్లకి బీరువా అంత భుజాలేమిటే? తగ్గించి కత్తిరించాను.
మీ అత్తయ్య
తా.క.: నడుమూ దిద్దాను. మొహమాటపడకు.

అత్తయ్యా,
కొంప మునిగింది! కొలతలు సరైనవే. ఆమె ట్రాన్స్ మహిళ. పుట్టినప్పుడు అబ్బాయి అన్నారు. కానీ ఆమె అమ్మాయే.
కంగారుతో, మేనకోడలు
తా.క.: వెల్వెట్ మిగిలిందా?

చి. మేనకోడలికి,
అబ్బాయని ముందే ఏడవొచ్చుగా! ఆ మాట చదవగానే ఉత్తరం పక్కన పడేసి, గౌను విప్పి కోటు కుట్టేశాను. కాలరు అదిరింది.
మీ అత్తయ్య
తా.క.: కళాకారుడు కదా, జేబు మీద పువ్వు వేశాను.

అత్తయ్యా,
నీకెప్పుడూ ఎదురు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. నా ఉత్తరం చివరిదాకా చదువు. ఆమె ఆడమనిషి. గౌనే కావాలి. బొమ్మలు చేసే ఆవిడ, బోర్డులు రాసే అతను సొంత ఖర్చులు మానుకుని ఇచ్చిన డబ్బది. ఆమె పాట విన్నవాళ్ళెవరూ భుజాలు కొలవరు.
మేనకోడలు
తా.క.: కోపంగానే రాశాను. క్షమించు. కానీ గౌనే.

చి. మేనకోడలికి,
నోరు లేని పిల్లవనుకున్నాను. బతికించావు.
కొత్త గుడ్డ చంకనపెట్టుకుని, ఆ చిరునామాకి నేనే వెళ్ళాను. నేను గుండుసూదులు పెడుతుంటే కదలకుండా నిలబడి పాడింది. నా చేతులే ఆగిపోయాయి.
కచేరీకీ వచ్చాను. నువ్వు చూడలేదులే. హాలంతా లేచి నిలబడి చప్పట్లు. పక్కావిడ "గౌను ఎవరు కుట్టారండీ?" అంది. "మేమే" అన్నాను. "పాడిందెవరు?" అంది. "ఆ పిల్లా మా పిల్లే" అన్నాను.
కూలి తిప్పి పంపుతున్నాను, నిధిలో వెయ్యి. వద్దన్నావంటే తంతాను.
నీ సంగతి ఇంట్లో చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం. చెప్పేరోజు మాత్రం నన్ను పిలు. నా నోటికి జడవనివాళ్ళు మన వంశంలో లేరు.
మీ అత్తయ్య
తా.క.: హాల్లో నీ చెయ్యి వదలకుండా ఏడ్చిన ఆ కళ్ళద్దాల అమ్మాయికి ఆరు రుమాళ్ళు కుట్టి పంపుతున్నాను. నీ చొక్కా చేతికే ముక్కు తుడుచుకుంది. మన ఇంటి పిల్ల అలా ఉంటే ఎలా?