బావ పిల్లనగ్రోవుల స్టాండు

తమ్ముడు వెలిన్‌కి,

సోఫియా నుంచి నువ్వు పంపిన మడత స్టాండు అందింది. ముందు పంపిన రెండూ మీ బావకి నచ్చలేదు. ఇనుపదాని మీద పిల్లనగ్రోవులకి చలేస్తుందట, రెండోది సంచిలో పట్టదట. "పెళ్లిళ్లలో నేను ఒకటి ఊదుతుంటే మిగతావి మన పెళ్లయినప్పట్నుంచీ నువ్వేగా పట్టుకుంటున్నావు, ఇప్పుడేమొచ్చింది?" అంటాడు. నేనూ ఒక్క పెళ్లిలోనైనా అందరితో చేతులు కలిపి హోరో గొలుసాట ఆడొద్దూ!

మొన్న యోర్దాంకా పెళ్లిలో ఈ మూడుకాళ్లదాన్ని నిలబెట్టి, మా అత్తగారి చెయ్యి పట్టుకుని ఆటలో దూరాను. రెండడుగులు వేశానో లేదో, మీ బావ కేక: "ఒసేయ్, స్టాండు ఊగుతోంది, పట్టుకో!" పెళ్లి హోరోలో వరస తెగితే కాపురానికి మంచిది కాదని అత్తగారి పట్టు. వదిలేస్తేనేమో పిల్లనగ్రోవులు విరుగుతాయి. ఇక దాన్నే మా ఇద్దరి మధ్యకి లాగి, ఒక కాలు నేను, ఒక కాలు ఆవిడ పట్టుకున్నాం. మూడో కాలు మాకంటే బాగా అడుగేసింది. పిల్లనగ్రోవి మార్చాల్సి వచ్చినప్పుడల్లా మీ బావ ఊదుతూనే మా వెంట పరిగెత్తాడు.

కదలని స్టాండు కావాలని నీకు ఫోన్ చేస్తాడు. అలాంటివి ఎక్కడా చెయ్యరని చెప్పు.

మీ అక్క