నాన్న సంచిలో దెయ్యాల పుస్తకం

జాయ్స్, పప్పూ అన్నం మూతపెట్టి ఉంచాను, తిను. నేను ఖిదిర్‌పూర్ ప్రార్థన కూడికకు పరుగెడుతున్నాను. మీ నాన్న కీర్తనల పుస్తకం అనుకుని నీ దెయ్యాల బొమ్మల కథ ఆఖరి భాగం సంచిలో వేసుకుని అక్కడికే వెళ్లిపోయారు. అట్ట మీది కొమ్ములు ఆయన కంటపడకూడదని దానికీ కీర్తనల పుస్తకానికి చుట్టిన చర్చి క్యాలెండర్ కాగితమే చుట్టాను, తప్పు నాదే. ఫోన్ ఎత్తడం లేదు. పాట అందుకోవడానికి అందరి ముందూ తెరిస్తే ఎలా!

నువ్వు తెరవకముందే నిన్న నేను చదివేశాను. కథలో ఆ పిల్లకు చెల్లెలు దొరికిందో లేదో చెప్పను. మూసేసరికి మాత్రం ప్రార్థన అయ్యాక ఉన్నట్టు మనసు నెమ్మదించింది. దెయ్యాల కథకి అలా ఉండొచ్చంటావా?

నాన్న నాకంటే ముందొచ్చి “ఏటిది?” అంటే, అమ్మదని చెప్పు.

అమ్మ

పారేశారంటే బెంగపడకు. ముగింపు నేనే కూర్చుని చెబుతాను.