మూడో వరుసలో ఏడో గుల్ల

తూర్పుగోదావరి జిల్లా తాటిపాక కాపురస్తుడు, కీర్తిశేషులు నల్లి యాకోబు గారి పెద్ద కుమారుడు, సైన్యంలో తుపాకులు బాగుచేసి హవల్దారుగా రిటైరైన నల్లి ఇశ్రాయేలు అనే నేను, అరవై ఎనిమిదో ఏట, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించుకున్న వీలునామా. గుండె నీరసించింది గాని జ్ఞాపకం చెక్కుచెదరలేదు. చెదిరితే బాగుండునని ఏడేళ్ళుగా అనుకుంటున్నాను. దీన్ని అమలు జరిపే బాధ్యత నా కూతురు, టీచరు హన్నాది.

1. నా పెంకుటిల్లు, వెనక ఇరవై సెంట్ల కొబ్బరి దొడ్డి నా భార్య జ్ఞానమ్మకు సర్వహక్కులతో చెందాలి. పంచదార మానమని డాక్టరు చెప్పినా నా కాఫీలో చాటుగా అర చెంచా వేస్తూ వచ్చింది. నాకు తెలుసు.

2. దొడ్డి పడమటి గట్టు, దాని మీది రెండు కొబ్బరిచెట్లు నా తమ్ముడు సూరిబాబుకు చెందాలి. ఆ గట్టు తనదని అతను పదేళ్ళు పోట్లాడాడు. అతనిది కాదు, నాదే. కొలతల కాగితం నా పెట్టెలో ఉంది. అయినా ఇస్తున్నాను. ఎందుకో నాలుగో అంశంలో ఉంది.

3. నా చిన్న త్రాసు హన్నాకు. ఈగ రెక్క తూచి చూపించమని ఆరేళ్ళప్పుడు నా ప్రాణం తీసింది. తూచాను. ముల్లు కదిలింది.

4. ఇది ఆస్తి కాదు, ఒప్పుకోలు. రాజోలు దాట్ల బుచ్చిరాజు గారు పిస్తోలు పోటీల్లో జిల్లాకు పేరు తెచ్చినవారు. గురిపోటీకి తక్కువ మందు వేసిన తేలికపాటి తూటాలు కావాలి. అవి చేతిని కుదపవు. పేల్చేసిన తూటాల ఇత్తడి గుల్లల్లో, వారి లైసెన్సు మీద, మళ్ళీ మందు పోసి సీసపు గుండు బిగించేది నేను. కొబ్బరిచెక్క పీటలో పదేసి చొప్పున ఐదు వరుసలు, యాభై గుల్లలు. మందు ముందే తూచి యాభై పొట్లాలు కట్టేవాణ్ణి. అంకెలతో లెక్కపెట్టడం నాకు అలవాటు లేదు. మా పేటలో ఇళ్ళు సరిగ్గా యాభై. చర్చికి పిడికెడు బియ్యం పోగుచేసే వరుసలోనే, ఒక్కో గుల్లకు ఒక్కో ఇంటివారి పేరు అనుకుంటూ ఒక్కో పొట్లం పోసేవాణ్ణి. మూడో వరుసలో ఏడో గుల్ల సూరిబాబుది.

1979 ఫిబ్రవరిలో, గట్టు మీద తగాదా పడిన మర్నాడు ఉదయం, తమ్ముడి పేరు తలుచుకోవడం కూడా ఇష్టం లేక, వీధిలో అతని గుమ్మం దాటిపోయినట్టే, తెలియకుండానే ఆ గుల్ల దాటి పక్కదానికి పోయాను. ప్రతి గుల్లలోకీ టార్చిలైటు వేసి చూడటం నా పద్ధతి. పోటీకి రాజుగారు ఎక్కాల్సిన రాజమండ్రి బస్సు వేళైందని ఆ పూట వేయలేదు. గుండ్లన్నీ బిగించాక చూస్తే పళ్ళెంలో ఒక పొట్లం మిగిలి ఉంది. యాభై ఒకటి కట్టి ఉంటానని నాకు నేనే చెప్పుకున్నాను. విప్పి డబ్బాలో పోసేశాను.

మందు లేని తూటా గుండు, గుల్ల అడుగున ఉండే నిప్పుటోపీ దెబ్బకే కాస్త కదిలి గొట్టంలోనే ఇరుక్కుంటుంది. దాని వెనక ఇంకొకటి పేలిస్తే గొట్టం పగులుతుంది. పోటీలో, పక్కవాళ్ళ తుపాకుల మోతలో తేడా తెలియక, అదే జరిగింది. రాజుగారి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. తూటాలు ఎవరు నింపారని విచారణలో అడిగారు. నాకు జైలు పడి పెన్షను పోతుందని వారు, "నేనే నింపుకున్నానండి, తప్పు నాదేనండి" అన్నారు. నేను గోడవారన నిలబడి విన్నాను. నోరు విప్పలేదు. అజాగ్రత్త మనిషని రాసి వారిని పోటీల నుంచి శాశ్వతంగా తీసేశారు. నేను పిరికివాణ్ణి. ఈ అంశాన్ని నా భూస్థాపన రోజున హన్నా పేటవారందరి ముందూ గట్టిగా చదవాలి. ఒక నకలు ఆ పోటీల కమిటీకి పంపాలి.

5. ముక్తేశ్వరంలో నా స్వార్జితమైన అర ఎకరం పల్లపు భూమి బుచ్చిరాజు గారికి చెందాలి. రెండు వేళ్ళకు ఇది సరిపోదని తెలుసు.

సంతకానికి ముందు చేర్చినది: దీన్ని ఈరోజు బుచ్చిరాజు గారికి నేనే చదివి వినిపించాను. వారు అన్నారు: "ఆ పొట్లం డబ్బాలో పోయడం అరుగు మీంచి నేనూ చూసేనండి. అడిగితే యాభై మళ్ళీ విప్పుతారు, బస్సు ఎల్లిపోద్దని ఊరుకున్నానండి. ఆయ్." ఏడేళ్ళు నెలకోసారైనా కలిసి కాఫీ తాగాం. ఒకరికొకరం చెప్పుకోలేదు.

సాక్షి సంతకం చేసినవారికి ఆస్తి రాస్తే అది చెల్లదని దస్తావేజు లేఖరి పెద్దిరాజు గారు బుచ్చిరాజు గారికి రెండుసార్లు చెప్పారు. వారు విని, సాక్షి సంతకానికే కలం ఇవ్వమన్నారు. కనుక ఐదో అంశంలోని భూమి జ్ఞానమ్మకే చెందాలి. నాలుగో అంశం కూడా కొట్టేయమన్నారు. దానికి మాత్రం నేను ఒప్పుకోలేదు.

తాటిపాక, 1986 ఆగస్టు 11.

(సంతకం) నల్లి ఇశ్రాయేలు

సాక్షులు:
1. సోమేశ్వరరావు, రిటైర్డు పోస్టుమాస్టరు
2. దాట్ల బుచ్చిరాజు, ఎడమచేతి వ్రాలు