జపాను మట్టి, గోదావరి మట్టి

మంచిర్యాల, 4-1-1998

చిరంజీవి మధుసూదన్‌కు మామయ్య జగన్మోహన్‌రావు ఆశీస్సులు. ఇక్కడ నా కారు తప్ప అందరం క్షేమం.

నీ సంబంధం మాట్లాడటానికి ఆసిఫాబాద్ నుంచి విద్యాసాగర్‌రావు గారు పై ఆదివారం కాక ఆపై ఆదివారం మా ఇంటికి వస్తున్నారు. పిల్ల నిర్మలాదేవికి నువ్వు నచ్చావు. ఆయనకే నీ పని నచ్చలేదు. "హైదరాబాదుల కార్లు తుడిచెటోనికి పిల్లనెట్ల ఇస్తం" అన్నారట. నీ పనితనం నా కారు మీద చూపిద్దామంటే, దానికి పట్టిన బొగ్గు ధూళి ఎంత కడిగినా గరగరలాడుతోంది. ఉపాయం చెప్పు.

ఇట్లు,
మామయ్య

తా.క. మీ అత్తయ్య చింతపండు పెట్టి తోముతానంటోంది. తొందరగా రాయి.

హైదరాబాద్, 8-1-1998

మామయ్య గారికి నమస్కారాలు.

ముందు అత్తయ్యను ఆపండి. కారు రంగు మీద అద్దంలాంటి పల్చటి పూత ఉంటుంది. అది గీసుకుపోతే నా పెళ్లీ అంతే. పార్సిల్లో, రంగుకు పట్టిన ధూళిని లాగేసే జపాను మట్టిముద్ద పంపుతున్నాను. కారు కడిగి, నీడలో పెట్టి, సబ్బునీళ్లు ధారాళంగా చల్లుతూ ముద్దను తేలిగ్గా ముందుకూ వెనక్కూ జరపండి. నొక్కకండి. నల్లబడితే మడిచి కొత్త వైపు వాడండి. కిందపడితే ఇసుక అంటుకుంటుంది, పారేయండి. చివర మైనం పూయండి.

మీ
మధుసూదన్

తా.క. పోయినసారి పంపిన మైనం అత్తయ్య తలనొప్పికి రాసుకున్నారు. ఈ ముద్ద కూడా ఒంటికి రాసేది కాదు.

మంచిర్యాల, 19-1-1998

చిరంజీవి మధుసూదన్‌కు ఆశీస్సులు.

ముద్ద అందింది. అంత ఖరీదు సరుకును చేయి తిరగకుండా ముట్టడం తెలివితక్కువ కదా. అందుకని మన పనివాడు నాగయ్యతో గోదావరి ఒడ్డు నుంచి మెత్తటి ఒండ్రుమట్టి తెప్పించి, నిన్న మధ్యాహ్నం దాంతో సాధన చేశాను. నీడ, సబ్బునీళ్లు అన్నీ నువ్వు చెప్పినట్టే. అయినా తలుపంతా సన్నని గీతలు పడ్డాయి. జపాను ముద్ద బీరువాలో భద్రంగా ఉంది.

విద్యాసాగర్‌రావు గారు వచ్చి, భోంచేసి, ఓ కునుకు తీసి లేచారు. బయటికొచ్చాక మాత్రం ఏమీ మాట్లాడలేదు. నా మనసు బాగాలేదు.

ఇట్లు,
మామయ్య

తా.క. పప్పుచారు బాగుందన్నారు.

హైదరాబాద్, 23-1-1998

మామయ్య గారికి నమస్కారాలు.

దిగులుపడకండి. మెత్తటి మట్టిలోనూ ఇసుక ఉంటుంది. గీత మీద గోరు ఆగకపోతే అది పైపూతలోదే, పాలిష్‌తో పోతుంది. సొంత కారే కదా, ఎవరికి జవాబు చెప్పాలి? కానీ ఆయన ఎందుకు మాట్లాడలేదు? నిజం రాయండి. నాకు నిర్మల తప్ప వేరే సంబంధం వద్దు.

మీ
మధుసూదన్

తా.క. అన్నం సయించడం లేదు. అత్తయ్యకు చెప్పకండి, సకినాలు పార్సిల్ చేస్తారు.

మంచిర్యాల, 28-1-1998

చిరంజీవి మధుసూదన్‌కు ఆశీస్సులు.

సాధన ఎవరైనా సొంత కారు మీద చేస్తారా? ఆయన కారు దుమ్ము కొట్టుకుని వచ్చింది. నిద్రలేచేసరికి మెరిపించి, ఇది మా పిల్లవాడి విద్య అందామనుకున్నాను. ఆయన తలుపు నిమిరి, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. ఆ మాట నీకు రాయడానికి చేతులాడలేదు.

నిన్న ఆసిఫాబాద్ వెళ్లి క్షమించమని అడిగి, నువ్వు రాసిన పద్ధతి చూపించాను. ఆయన నిదానంగా చదివారు. "గింత ఇవరంగా రాసినా మీతోని కాలే. అంటె గిది ఉత్త తుడుచుడు కాదు. పిలగాన్నే పంపుండ్రి. గీతలు తీసినంక లగ్గం ముచ్చట జేద్దాం" అన్నారు. వెంటనే బయలుదేరు.

ఇట్లు,
మామయ్య

తా.క. వచ్చేటప్పుడు నిర్మల గడప దగ్గర ఆపి, "గీతలు తీసుటానికి ఎన్ని రోజులు పడ్తది" అని అడిగింది. ఒక్క పూట చాలన్నాను. పిల్ల మొహం చిన్నబోయింది. నువ్వు నాలుగు రోజులు పట్టేలా చెయ్యి.