నంబర్లు వేసిన పదకొండు తుమ్మలు

ఫిబ్రవరి 18, 2025

చెరువు నీళ్లలో నిలబడ్డ పదకొండు తుమ్మచెట్లు. అన్నింటికీ ఎర్ర పెయింటుతో నంబర్లు వేశారు. మార్చి 3న కొట్టేస్తారట. మానవపాడు దగ్గరి ఈ చెరువుకు మూడేళ్లుగా కెమెరా పట్టుకుని వస్తున్నాను, ఎర్రకాళ్ల కొంగలు ఈ చెట్ల మీద ఇన్ని గూళ్లు కట్టడం ఎప్పుడూ చూడలేదు. పిల్లలకు ఇంకా ఈకలే సరిగ్గా రాలేదు. చెట్టు కూలితే నీళ్లలో పడి చస్తాయి.

చేపలు పట్టే మద్దిలేటిని అడిగాను. చెట్లు కొట్టేయమని వాళ్ల సొసైటీయే అర్జీ పెట్టిందట. నీకేందక్కా, ఫోటో తీస్కొని పోతవ్, గీ తుమ్మలు మా వలలన్నీ చింపుతున్నయి, అన్నాడు. ఒళ్లు మండింది. నిజమే కాబట్టి ఇంకా మండింది.

ఫిబ్రవరి 20

ఫారెస్టు ఆఫీసులో సారు మంచివాడే. నంబరేసిన చెట్టు మీద పిల్లలున్నట్టు ఫోటో తెస్తే అవి ఎగిరేదాకా ఆపుతానన్నాడు. ఒక్క ఫోటో! గద్వాలలో పద్నాలుగేళ్లుగా స్టూడియో నడుపుతున్నదాన్ని, ఆ మాత్రం తీయలేనా?

ఫిబ్రవరి 22

తీశాను. తల్లి రెక్కలు చాపి ఎండకు అడ్డం నిలబడింది. కింద మూడు పిల్లలు. నా జన్మలో ఇంత మంచి ఫ్రేమ్ దొరకలేదు. మధ్యాహ్నానికల్లా ఎడిట్ చేసి సారుకు పంపేశాను.

ఫిబ్రవరి 24

నా చేతులు విరగ్గొట్టాలి.

సారు ఫోన్ చేశాడు. ఫోటో మస్తుంది గానీ నంబరేది మేడమ్, అన్నాడు. నంబరు లేకపోతే అది లిస్టులో చెట్టు కానట్టేనట.

నేనే తుడిచేశాను. పెళ్లికూతురి మొహం మీద మొటిమ, మండపం వెనక వైర్లు, ఏది అడ్డమొస్తే అది తుడవడమే కదా నా పని. ఆ ఎర్ర అంకె కనబడగానే చెయ్యి దానంతటదే పోయినట్టుంది. తుడిచినట్టు గుర్తు కూడా లేదు. ఒరిజినల్ చూద్దామంటే, నిన్న బల్మూర్ పెళ్లికని కార్డు ఫార్మాట్ చేసి పారేశాను!

ఫిబ్రవరి 26

నిన్న పోయి మళ్లీ తీశాను, ప్రతి నంబరూ కనబడేలా. ఇవాళ శివరాత్రి, ఆఫీసుకు సెలవు.

ఫిబ్రవరి 27

సారు ట్రైనింగుకు పోయాడట. పది రోజులట. ఇన్‌చార్జి సారు ఫోటోల వైపు కన్నెత్తి చూడలేదు. ఆ సారు ఏం చెప్పిండో నాకు తెల్వదమ్మా, రాతల ఏమన్న ఉన్నదా, అన్నాడు. గంటన్నర నిలబెట్టాడు. పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది.

మార్చి 1

ఎవరూ ఫోన్ ఎత్తరు.

మార్చి 2, సాయంత్రం 6

నంబరు లేనిది లిస్టులో చెట్టు కాదన్నారుగా. టర్పెంటైన్ సీసా, పాత గుడ్డలు తీసుకుని చెరువుకు పోయాను. చెట్ల దాకా పోవడానికి మద్దిలేటి తన పుట్టి పడవ ఇవ్వనన్నాడు. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. గూళ్ల వైపు చూసి, పిల్లలు ఎన్నొద్దులకు ఎగుర్తయి అని అడిగాడు. మూడు వారాలన్నాను. ఇంకో మూడు వారాలు వలలు కుట్టుకుంట కూసోవాల్నా అని గొణుక్కుంటూనే పుట్టి నీళ్లలోకి తోశాడు.

తుమ్మ బెరడు మీద పెయింటు ఎక్కడ పోతుంది! మొదటి చెట్టు దగ్గరే వేళ్లలో ముళ్లు దిగాయి. ఏడుపొచ్చింది. మద్దిలేటి నవ్వాడు, గిట్ల కాదక్కా అన్నాడు. ఒడ్డుకు తిప్పి, ఇంటికి వేయగా మిగిలిన సున్నం బకెట్టు తెచ్చాడు. కొంగల రెట్టతో ఆ చెట్లు ఎలాగూ తెల్లగానే ఉన్నాయి. పైనుంచి కారినట్టుగా ప్రతి నంబరు మీదా సున్నం పోశాం. పదకొండింటికీ. కొంగలు లేచి, కాసేపు తిరిగి, మళ్లీ గూళ్లలో వాలాయి. ఒడ్డున నిలబడి చూస్తే నాకే తేడా తెలియలేదు.

మార్చి 3

నరికేవాళ్లు రాయచూరు వైపు నుంచి వచ్చారట. నంబరున్న చెట్టే కొట్టాలని వాళ్లకు గట్టిగా చెప్పారట. చెరువంతా తిరిగి, ఒక్క నంబరూ కనబడక వెళ్లిపోయారట. నన్నడిగితే తెల్వదన్న అక్కా అని మద్దిలేటి ఫోన్లో చెప్పాడు. మళ్లీ నంబర్లు వేయాలంటే ఫైలు మొదటినుంచీ నడవాలట.

మార్చి 6

ఇన్‌చార్జి సారు ఫోన్. భయపడుతూనే ఎత్తాను. చెట్లెందుకు కొట్టలేదని పైనుంచి అడిగితే, వాటికి అసలు నంబర్లే వేయలేదని ఫైల్లో రాశాడట. రుజువుకు నేను మొదట పంపిన ఫోటో జత చేశాడట. చాలా క్లియర్‌గా ఉందట.